సిరిని నిలిపే మనస్సు

ధనాన్ని నిందించడం వైరాగ్యం కాదు. ధనానికి దాసోహమనడం వివేకమూ కాదు. ధర్మకామాలకు అర్థమే మూలమని కౌటిల్యుడు 'అర్థశాస్త్రం'లో ప్రతిపాదించాడు. కనుక కలిమిని కోరడం దోషం కాదు. దానిని నిలుపుకొనే యోగ్యతను అలవరచుకోకపోవడమే దోషం.

హైదరాబాదు శివారులోని జన్వాడ పరిసరాలు ఇందుకు నిదర్శనం. 1908 నాటి మూసీ వరదల అనంతరం, 1920లో గండిపేట జలాశయం రూపొందింది. జంట జలాశయాల రక్షణకై 1996లో వెలువడిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు జన్వాడతో సహా 84 గ్రామాలలో కట్టడాలను నియంత్రించింది. తమ భూములకు తగిన విలువ రాలేదని రైతులు వేదన చెందారు. అది న్యాయమైన వేదనే. నగర క్షేమానికి పల్లెలు మాత్రమే మూల్యం చెల్లించడం సమంజసం కాదు. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలిస్తూ మరొక ఉత్తర్వు వెలువరించింది.

అయితే భూమి ఏటేటా పంటనిస్తుంది. దానిని అమ్మగా వచ్చిన సొమ్ము తనంత తాను ఫలించదు. ఆ సొమ్మును విద్యలో, వృత్తిలో, పొదుపులో నాటితేనే అది మొలకెత్తుతుంది. నూటికి ఆరు వంతున చక్రవడ్డీకి ఉంచిన ధనం సుమారు పన్నెండేళ్లలో రెట్టింపవుతుంది. ఆడంబరాలకు వెచ్చించిన ధనం విత్తనాలను వండుకు తిన్నట్లే.

ధనానికి దానం, భోగం, నాశం అనే మూడు గతులున్నాయని భర్తృహరి హెచ్చరించాడు. కట్ట లేని చెరువులో నీరు నిలవదు; తూము లేని చెరువు పొలాన్ని తడపదు. సంయమనం కట్ట వంటిది, దాతృత్వం తూము వంటిది. ఈ రెండూ గల మనస్సే సిరికి తగిన నెలవు. యువతరం సంపదతో పాటు ఈ సంస్కారాన్నీ ఆర్జించాలి.