కంప్యూటర్ కంటే ముందు లెక్క



"అన్నా, అందరూ ఇంజనీరింగ్ చేస్తుంటే నువ్వెందుకు స్టాటిస్టిక్స్ తీసుకున్నావు?" అని హాస్టల్‌కి వచ్చినప్పుడల్లా మీరు అడుగుతారు. సంచికకి ఏదైనా రాయమని వార్డెన్ గారు అన్నారు కాబట్టి ఆ జవాబే రాస్తున్నాను. నా జవాబు ఒక మనిషి పేరు. కల్యంపూడి రాధాకృష్ణ రావు గారు. లోకానికి సి.ఆర్. రావు.

1920లో హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. తండ్రి పోలీసు శాఖలో ఉద్యోగి. బదిలీ అయిన ఊరల్లా చదువే: గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం. నూజివీడంటే మనకు మామిడిపండ్లే గుర్తొస్తాయి, ఈయన గుర్తురారు! తల్లి లక్ష్మీకాంతమ్మ గారు తెల్లవారుజామున నాలుగింటికి లేపి, చదువుకోవడానికి నూనెదీపం వెలిగించి పెట్టేవారని ఆయనే రాసుకున్నారు. మా అమ్మ కూడా నాలుగింటికే లేపేది. తను నాట్లకి వెళ్తూ, చెల్లిని చూసుకోమని చెప్పడానికి. ఈ తేడా దాచి ఆయన కథ చెబితే మీకు అబద్ధం చెప్పినట్టే.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, సైన్యంలో ఒక ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. అది రాలేదు. బస చేసిన చోట పరిచయమైన ఒకాయన ద్వారా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసి, 1941లో అక్కడ చేరారు. అప్పటికి మన దేశంలో కంప్యూటర్ లేదు. కంప్యూటర్ అంటే లెక్కలు వేసే మనిషి. చేత్తో తిప్పే యంత్రాల మీద రోజుల తరబడి లెక్కలు. దేశంలో మొదటి డిజిటల్ కంప్యూటర్, హెచ్.ఇ.సి.-2ఎం, ఇంగ్లండు నుంచి ఆ సంస్థకే వచ్చింది, 1956 నాటికి. రావు గారి గొప్ప సిద్ధాంతాలు దానికి పదేళ్ల ముందువి.

ఒకటి చెబుతాను. మన పొలాల్లో అధికారులు అయిదు మీటర్ల చదరం గీసి, ఆ వరి కోసి తూచి, మొత్తం దిగుబడి అంచనా కడతారు కదా. అలా కొద్ది చోట్ల కోసి కట్టిన అంచనాలో కొంత తేడా ఉండక తప్పదు. ఎటూ మొగ్గకుండా అంచనా కట్టే సూత్రం ఎంత తెలివైనదైనా ఆ తేడా ఒక హద్దు కంటే తగ్గదని, ఆ హద్దు ఎంతో ఆయన రుజువు చేశారు. అదే క్రామెర్-రావు అసమానత, 1945లో అచ్చయింది. దాని వెనక ఒక విద్యార్థి ఉన్నాడు. కలకత్తాలో రావు గారు పాఠం చెబుతుంటే వి.ఎం. దండేకర్ లేచి, ఈ ఫలితం చిన్న నమూనాలకి కూడా నిలుస్తుందా అని అడిగాడట. రావు గారు ఆ రాత్రి కూర్చుని సాధించారు. అప్పటికి ఆయనకు నా వయసే, ఒకటి రెండేళ్లు అటూ ఇటూ. నేనైతే డిగ్రీ మూడేళ్లలో క్లాసులో ఒక్కసారి కూడా లేచి అడగలేదు. ఇంగ్లీషు తప్పు వస్తుందని భయం.

1947లో ఆయన చెప్పిన ఆర్తోగోనల్ అమరికలు నేడు సాఫ్ట్‌వేర్ పరీక్షించడానికి కూడా పనికొస్తున్నాయి. "లెక్కలెందుకన్నా, కంప్యూటర్ నేర్చుకుంటే చాలు" అనేవాళ్లు ఈ మాట గమనించాలి. నేను ఉన్న ఒక హాస్టల్లో కంప్యూటర్లు వచ్చాయి. గుడ్డ కప్పి, గదికి తాళం వేశారు. పాడైపోతాయని! ఆ తాళం తీయమని అడగాల్సిందే. అయితే తాళం తీసేదాకా లెక్క ఆగనక్కర్లేదన్నది నా అభిప్రాయం. కాగితం, పెన్సిల్ ఎవరూ బీరువాలో పెట్టి తాళం వేయరు.

ఆయనకు 2001లో పద్మవిభూషణ్, 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చాయి. ఆ ఏడాది ఆగస్టులోనే, 102 ఏళ్ల వయసులో, అమెరికాలో కన్నుమూశారు.

వచ్చే ఆదివారం నుంచి ఉదయం టిఫిన్ అయ్యాక డైనింగ్ హాల్లో ఉంటాను. ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లు లెక్కల పుస్తకం తెచ్చుకోండి. తెలుగులోనే అడగండి. నాకు రాకపోతే రాత్రికి కూర్చుంటాను.

- పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (స్టాటిస్టిక్స్), విజయవాడ