ఆడపిల్ల కోపానికి మైదానమేది?

"ఆడదానికి ఆడదే శత్రువు" అన్న మాట మన టీవీ సీరియళ్ళకే పరిమితమనుకుంటే పొరపాటు. అమెరికా హైస్కూలు హాస్యచిత్రాలు అనేకం ఆ మాట చుట్టూనే తిరిగాయి. 2004లో వచ్చిన 'మీన్ గర్ల్స్' మాత్రం దాన్ని వల్లించి ఊరుకోలేదు. రోజలిండ్ వైజ్‌మన్ 2002లో ఆడపిల్లల స్నేహాలపై వెలువరించిన పుస్తకం ఆధారంగా టీనా ఫే ఆ చిత్రాన్ని రచించారు.

అందులో రెజీనా ఆ బడికి మకుటంలేని మహారాణి. ఆమె ఆయుధం చేయి కాదు, మాట. ఎదుట పొగడ్త, వెనుక తెగడ్త. తోటివారిపై నిందలు రాసిపెట్టుకోవడానికి ఒక రహస్య పుస్తకం. ఆమెను కూలదోయబోయిన కేడీ అచ్చం ఆమెలాగే తయారవుతుంది. మనిషి మారినా పీఠం మారదు.

మగపిల్లవాడి కోపాన్ని లోకం పౌరుషమంటుంది. ఆడపిల్ల కోపాన్ని గయ్యాళితనమంటుంది. బాహాటంగా కోపగించే హక్కు లేనప్పుడు ఆ కోపం చాడీగా మారక ఏమవుతుంది?

చివర కేడీ తన ప్లాస్టిక్ కిరీటాన్ని విరిచి ముక్కలు పంచే సన్నివేశాన్ని చాలామంది మెచ్చుకుంటారు. నాకు అంతకన్నా విలువైనదిగా తోచింది, రెజీనా లాక్రాస్ జట్టులో చేరడం. వలకట్టిన కర్రలతో ఒకరినొకరు ఢీకొంటూ ఆడే ఆట అది. అదే కోపం, అదే బలం, చోటు మారిందంతే. అక్కడది దోషం కాదు, ఆట.

ఆడపిల్లలకు అసూయ తగదని నీతులు చెప్పేముందు, వారికొక మైదానం చూపించామా? మీరేమంటారు?