కవచశకటములకు పింఛను కలదా?

సైన్యములో పనిచేసి విరమించిన మనిషికి పింఛను కలదు. బండికి వేలముపాట కలదు. బ్రిటిషు సైన్యము 1914 మొదలుకొని వేలకొలది కవచశకటములను చేయించినది. ఉక్కు రేకుల చాటున మరఫిరంగిని మోయుచు చక్రములపై పరుగెత్తు ఈ బండ్లను జనులు ఆర్మర్డ్ కార్లందురు. ట్యాంకువలె ఇవి గొలుసుపట్టాలపై ప్రాకవు, బాటవెంట వేగముగా పోగలవు. అందువలననే యుద్ధభూమిలో పని లేనపుడు పట్టణపు వీథులలో వీనికి పని దొరకుచు వచ్చినది. వీని పుట్టుకను గూర్చి పుస్తకములు చాలినన్ని కలవు. కొలువు ముగిసిన పిదప ఇవి ఏమైనవను ప్రశ్నను వేయువారు మాత్రము తక్కువ.

కొలిమిలో కరగిపోయినవి పోగా, సుఖముగా కాలము గడపుచున్నవి కొన్ని కలవు. డైమ్లరు సంస్థ 1952 నుండి 1971 వరకు 4,409 ఫెరెట్ బండ్లను తయారుచేసినది. సుమారు నాలుగు టన్నుల బరువు, రోల్స్‌రాయిస్ వారి ఆరు సిలిండర్ల ఇంజను. ముందునకు అయిదు గేర్లున్నట్లే వెనుకకును అయిదు గేర్లు! శత్రువు జాడ చూచి వచ్చుటయే దాని ఉద్యోగము గనుక, పోవుట ఎంత ముఖ్యమో మరలి వచ్చుటయు అంత ముఖ్యమైనది. సైన్యము విడిచిన తరువాత ఇట్టివి అనేకము సామాన్య గృహస్థుల చేత చిక్కినవి. తుపాకిని నిర్వీర్యము చేసి, నంబరు పలక తగిలించి, సెలవునాడు వానిని తిరునాళ్ల వంటి సంబరములకు తోలుకొనిపోవువారు ఇంగ్లండులో నేటికిని కలరు. వారిని పరిహసించుట న్యాయము కాదు. తుప్పుపట్టిన గేరుపెట్టెను చేతులార విప్పి కూర్చినవానికి ఆ బండిని గూర్చి తెలిసినంత, దానిని కొనుటకు సంతకము చేసిన మంత్రికి తెలిసియుండదు.

అయితే ఆ సంబరములో బండి ప్రక్కన నిలుపు పలకను చదివినపుడు లోటు కనబడును. బరువు ఎంత, వేగము ఎంత, కవచము మందము ఎంత అన్నియు అందుండును. ఆ తుపాకి ఎవరి వైపు తిరిగినదో ఉండదు. పిల్లలు దానిపైకెక్కి ఆడుకొని దిగిపోవుదురు. యంత్రమును దాచినవారు దాని వృత్తాంతమును పారవేసిరి.

ఈ విషయములో ఐర్లండువారు మేలైన దారి చూపినారు. 1922లో బ్రిటిషువారు ఆ దేశమును విడుచునపుడు క్రొత్తగా ఏర్పడిన ఐరిషు ప్రభుత్వమునకు 13 రోల్స్‌రాయిస్ కవచశకటములను అప్పగించిరి. వానిలో ఒకదానికి టిప్పరేరీ ప్రాంతపు కొండ పేరు పెట్టినారు: స్లీవ్‌నమన్, అనగా స్త్రీల కొండ. ఆ ఏడాది ఆగస్టు 22న, అంతర్యుద్ధ సమయమున, సేనానాయకుడు మైకేల్ కాలిన్సు కార్కు ప్రాంతమున ప్రయాణము చేయుచుండగా ఈ బండి ఆయన వెంట నున్నది. బేల్‌నమ్లా అనుచోట మాటువేసినవారు కాల్పులు జరిపిరి. బండిలోని మరఫిరంగి నడుమ మొరాయించినది. కాలిన్సు నేలకొరగెను. కొన్ని నెలలకు, డిసెంబరులో, ఆ ఫిరంగిని నడపిన సైనికుడే బండితో సహా ఎదుటి పక్షమునకు వెడలిపోయెను! తరువాత బండి మరల దొరకినది. తక్కిన రోల్స్‌రాయిస్ బండ్లు 1950 దశకములో అమ్ముడుపోయినను, దీనిని మాత్రము ఐరిషు సైన్యము అమ్మలేదు. నేటికిని కరా శిబిరమున నడచు స్థితిలోనే కాపాడుచున్నారు. నాయకుని కాపాడలేకపోయిన బండి యది. ఆ అపకీర్తిని దాచక, దానితోపాటే బండిని నిలుపుకొనుట వారి విజ్ఞత.

దీనికి సరిగా ప్రతికూలమైన కథ హంబరు పిగ్‌ది. ముక్కు ముందుకు పొడుచుకొని వచ్చిన ఈ సైనికవాహనమునకు సిపాయిలు పందియని ముద్దుపేరు పెట్టినారు. 1950 దశకములో సుమారు 1,700 తయారైనవి. ఇంతకంటె మంచివి వచ్చుటతో వీనికి సెలవిచ్చి అమ్మివేయ నారంభించిరి. ఇంతలో 1969లో ఉత్తర ఐర్లండు మండినది. సైన్యము వీథులలోనికి దిగవలసి వచ్చినది, బండ్లు చాలలేదు. అమ్మిన ప్రభుత్వమే తుక్కు వర్తకుల గడప త్రొక్కి, తాను అమ్మిన పిగ్గులను కొన్నిటిని తిరిగి కొనుక్కొన్నది. 1972లో వీని కవచమును మరింత దళసరి చేయించినది. ఆ సంవత్సరమే జనవరి 30న డెర్రీ పట్టణమున పౌరహక్కుల ఊరేగింపు జరిగిన వాడలోనికి పారాచూటు దళమువారు ఈ జాతి బండ్లలోనే ప్రవేశించిరి. వారి కాల్పులలో ఆనాడే 13 మంది మరణించిరి. గాయపడిన మరియొకరు తరువాత కన్నుమూసిరి. ఆ కాల్పులు అన్యాయమని విచారణసంఘము 2010లో తేల్చినది, ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పినాడు. విరమణ యనునది యంత్రము విషయమున ఎంత బలహీనమైన మాటయో ఈ పంది కథ చెప్పుచున్నది. వీథి శాంతించినపుడు బండి తుక్కు. వీథి కలత చెందినపుడు తుక్కే బండి.

పరదేశములకు పోయినవాని సంగతి వేరు. ఆరు చక్రములు, 76 మిల్లీమీటర్ల ఫిరంగి గల సలాదిన్ బండ్లు 1,177 తయారైనవి. ఆసియా, ఆఫ్రికా దేశములు వీనిని కొన్నవి. బ్రిటిషు సైన్యము విడిచిన ఎంతో కాలమునకు, 21వ శతాబ్దమున సయితము, ఇండొనీషియాలో ఇవి కొలువు చేయుచునే యుండెను. పేద దేశము పాత ఆయుధము కొనరాదా యని అడుగవచ్చును. కొనవచ్చును, దేశరక్షణకు అది అవసరము కావచ్చును. కాని అమ్మువాడు ఇనుము అమ్మితినని చేతులు దులుపుకొనుట తగదు. కొన్నవాని ఇంట ఆ ఫిరంగికి పింఛను లేదు, పనియే కలదు. అది సరిహద్దున నిలుచునో, తన ప్రజలమీదికే తిరుగునో విచారించుట అమ్మువాని విధి.

తెలుగువారికి ఇది దూరపు ముచ్చట కాదు. 1948 సెప్టెంబరు 13న భారతసైన్యము బెజవాడ వైపునుండి హైదరాబాదు రాజ్యములో ప్రవేశించినపుడు, కోదాడ దారిలో దాని నెదిరించినవి నిజాము లాన్సర్ల కవచశకటములు. అవి బ్రిటనులో తయారైన హంబరులు, బ్రిటిషు సేనల నిమిత్తము అమెరికాలో కట్టిన స్టాగ్‌హౌండులు. ఆ ఉదయమే దారి తెరచుకొన్నది. పదునాలుగేండ్లకు, 1962లో చైనాతో యుద్ధము వచ్చినపుడు, రాష్ట్రపతి అంగరక్షక దళమువారి హంబరు, డైమ్లరు శకటములు లడఖులోని చుషూలు చేరినవి. పదునాలుగువేల అడుగులకు మించిన ఆ ఎత్తున, ఊపిరాడని చలిలో, అప్పటికే పాతబడిన ఆ బండ్లు దేశమునకు కావలి కాచినవి.

పాఠశాలలో ఇట్టి బండి చిత్రమును చూపు ఉపాధ్యాయుడు పరీక్షాపత్రము వ్రాయవలసి వచ్చినచో, హంబరు బరువెంత యను ప్రశ్నకు ఒక మార్కు చాలును. కోదాడ బాటపై అది ఎవరికొరకు నిలిచినది, చుషూలులో ఎవరికొరకు నిలిచినది అను ప్రశ్నకు తక్కిన తొమ్మిదియు ఉంచవచ్చును.