జుగుప్సకు బహిష్కారమా?

కళలో వికృతరూపం కనిపించగానే ముఖం చిట్లించేవారు భారతీయ సంప్రదాయాన్ని సాక్ష్యానికి పిలుస్తుంటారు. సాక్షి మాత్రం వారి పక్షాన పలకదు. భరతముని పేర్కొన్న ఎనిమిది రసాలలో బీభత్సం ఒకటి. జుగుప్స దాని స్థాయీభావం, నీలం వర్ణం, మహాకాలుడు అధిదేవత. భయానకం పుట్టేది బీభత్సం నుంచేనని కూడా ఆయన నిర్దేశించాడు. శృంగారం సరసన పంక్తిలో కూర్చున్న రసాన్ని నేడు గడప బయట నిలబెట్టడం సంప్రదాయ రక్షణ ఎలా అవుతుంది?

తెలుగువారి తోలుబొమ్మలాటలో రామాయణ కథ మంచి పట్టుమీద ఉన్న వేళ జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు తెరమీదికి దూసుకువస్తారు. పొంతన లేని అవయవాలు, అంతకన్న పొంతన లేని మాటలు, మధ్యమధ్య పచ్చి బూతు. జోగుతున్న పల్లె ఒక్కసారిగా లేచి కూర్చుంటుంది. అసభ్యమని వీరిని కోసివేసి, ఉత్సవ వేదికకు తగిన గంటసేపటి ప్రదర్శన సిద్ధం చేస్తే మిగిలేది పురాణ చిత్రమాలిక మాత్రమే. నిమ్మలకుంటలో నేడు దీపపు తొడుగులూ తయారవుతున్నాయి. పొట్టగడవాలి కనుక తప్పుపట్టనవసరం లేదు. కాని తొడుగు మీది బొమ్మ మాట్లాడదు కదా.

వికృతం పామరుల వినోదం మాత్రమే అనుకునేవారు భువనేశ్వర్ వెళ్లి చూడాలి. 8వ శతాబ్దపు వైతాళ దేవాలయం వెలుపలి గోడలమీద లావణ్యం ఉట్టిపడే స్త్రీమూర్తులు, గర్భగుడిలో చాముండ. పక్కటెముకలు తేలి, కళ్లు గుంటలుపడి, కడుపు లోపలికి పోయి, కపాలమాలతో శవంమీద ఆసీన. అందం చెక్కడం చేతకానివారి పని అని దీనిని ఎవరూ అనలేరు. వీధిలో శవం ఎదురైతే పక్కకు తిరిగే కన్ను ఈ రాతి ముందు నిలుస్తుంది. ఆకలినీ మృత్యువునూ, తన దేహానికి రాబోయే స్థితినీ తొణకకుండా చూడగలిగే అవకాశం మనిషికి ఇక్కడే దొరుకుతుంది. ఆకర్షణ అంతా అందులోనే ఉంది.

రక్తపాతాన్ని సరుకుగా అమ్మే సినిమాలు లేవా అంటే, ఉన్నాయి. అక్కడ బాధ ఉండదు, వసూళ్ల లెక్క ఉంటుంది. వాటిని చూపి బీభత్సాన్నంతటినీ వెలివేయాలనేవారు 1943ను గుర్తుచేసుకోవాలి. బెంగాల్ కరువులో మిద్నపూర్ పల్లెలు తిరిగిన చిత్తప్రసాద్ అవే పక్కటెముకలను, అవే గుంటకళ్లను బతికున్న మనుషులలో చూసి గీశాడు. ఆ చిత్రాలతో వెలువడిన ‘హంగ్రీ బెంగాల్’ ప్రతులను బ్రిటిష్ ప్రభుత్వం స్వాధీనం చేసుకుని ధ్వంసం చేసింది. ఆనాటి అధికారులకు కూడా అవి చూడముచ్చటగా తోచలేదు.