చూడని వాటి లెక్క

గుంటూరు మిర్చి యార్డులో రైతు తెచ్చిన టిక్కీలన్నిటినీ గుమ్మరించి చూసే కొనుగోలుదారు ఉండడు. నాలుగు టిక్కీల నుండి గుప్పెడేసి కాయ తీసి, రంగు చూసి, తేమ చూసి, తాలు ఎంతో చూసి ధర చెబుతాడు. ఆరితేరినవాడైతే పైవరుసతో తృప్తిపడక అడుగువరుసలోనూ చేయి పెడతాడు. అన్నం ఉడికినదీ లేనిదీ తెలియడానికి ఒక్క మెతుకు చాలునన్న సామెత మనదే. సాంఖ్యకశాస్త్రమనగానే బెదరిపోయే మన విద్యార్థులకు మేము ముందుగా మనవి చేసేది ఇదే: ఆ శాస్త్రపు మొదటి పాఠం మన వంటింటిలోనూ, మన యార్డులోనూ ఉన్నది.

అయితే మిరపకాయ దాగదు, పారిపోదు. మన మైదానానికి పడమట నల్లమలలోని పులి అట్లా కాదు. సముద్రంలోని తిమింగలం అసలే కాదు. కంటికి కనబడని వాటిని లెక్కించడమెట్లా? ఈ ప్రశ్న పండితుల వినోదం కోసం పుట్టినది కాదు. దానికి తప్పు జవాబు చెప్పినందుకు ఒకచోట అడవి ఖాళీ అయింది, వేరొకచోట సముద్రం ఖాళీ కాబోయింది.

నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరింది. విస్తీర్ణంలో అది దేశంలోకెల్ల పెద్దది. ఆనాడు అన్ని రాష్ట్రాలలోనూ పులి అడుగుజాడలను గాజుపలకపై గీసి, పారిస్ ప్లాస్టరులో అచ్చు తీసి, ఇన్ని అడుగులకు ఇన్ని పులులని తేల్చేవారు. బురదలో ఒక తీరుగా, ఇసుకలో మరొక తీరుగా పడే ఒకే పులి అడుగు రెండు పులులుగా లెక్కకెక్కవచ్చును. అయినా చివరకు వచ్చే అంకెలో సందేహానికి చోటుండేది కాదు. 2002లో దేశం మొత్తానికి 3642 అన్నారు. రాజస్థాన్‌లోని సరిస్కాలో 2004 వరకు కాగితాల మీద పదికి పైగా పులులుండగా, 2005లో వెదికితే ఒక్కటీ లేదని తేలింది. వేటగాండ్రు అడవిని ఖాళీ చేస్తున్నంతకాలం ఆ అంకెలు కావలివారిని నిద్రపుచ్చాయి.

తరువాత వచ్చిన పద్ధతి వేరు. ఒక చెరువులో నూరు చేపలను పట్టి, గుర్తు పెట్టి వదలివేశామనుకుందాం. కొన్నాళ్ళకు మళ్ళీ వల వేస్తే నూరు చేపలు పడి, వాటిలో పదింటికే మన గుర్తు ఉంటే, చెరువులో దాదాపు వెయ్యి ఉన్నవని ఊహించవచ్చును. పులికి మనం గుర్తు పెట్టనక్కరలేదు. దాని చారలే గుర్తు. ఏ రెండు పులుల చారలూ ఒక్కటి కావు. దారి పక్కన అమర్చిన కెమెరా అదే పులిని మళ్ళీ మళ్ళీ పట్టిన తీరును బట్టి, ఒక్కసారీ పట్టుబడనివెన్నో లెక్క కడతారు. 2006 అంచనాలో దేశంలోని పులులు 1411 మాత్రమే అని వచ్చింది. పులులన్నీ నాలుగేండ్లలో చచ్చినవని కాదు. పాత అంకె నమ్మదగినది కాదన్నమాట. ఆ కొత్త అంకెతో బాటు 1165 మొదలు 1657 వరకు ఉండవచ్చునని కూడా చెప్పారు. 2022 అంచనా 3682. దాని హద్దులు 3167, 3925.

ఇక తిమింగలం. ఓడ తిన్నని గీత మీద సాగుతూ ఉంటే, పైన నిలిచిన పరిశీలకులు తిమింగలం ఊదిన నీటిపొగ కనబడగానే దూరమూ, కోణమూ వ్రాసుకుంటారు. గీతకు దూరమయ్యే కొద్దీ కనబడేవి తగ్గిపోతాయి. ఆ తగ్గుదల తీరే చూపు తప్పిన వాటి సంఖ్యను చెబుతుంది. మునిగి ఉన్న వాటి కోసం వేరే సవరణ చేస్తారు. ఈ విద్య పూర్తిగా రూపొందక మునుపే, 20వ శతాబ్దంలో దక్షిణార్ధగోళంలో మూడు లక్షలకు పైగా నీలి తిమింగలాలు హతమయ్యాయి. శాస్త్రజ్ఞులు హెచ్చరించినప్పుడల్లా, అంకెలు ఖచ్చితంగా లేవు కదా అని వేటదేశాలు వాయిదా వేశాయి. 1960లో అంతర్జాతీయ తిమింగల వేట సంఘం నియమించిన ముగ్గురు శాస్త్రజ్ఞులు 1963లో లెక్క తేల్చి చెప్పినా, వారు చెప్పినంత మేరకు వేట పరిమితి తగ్గించడానికి వెంటనే ఒప్పుకోలేదు. వాణిజ్య వేటను నిలిపివేయాలన్న తీర్మానం 1982లో గాని రాలేదు.

సరిస్కాలో సందేహమే లేదన్న గర్వం చెరచింది. సముద్రంలో సందేహమున్నదన్న సాకు చెరచింది. కాబట్టి మా అభిప్రాయం ఇది: తప్పు ఎంత ఉండవచ్చునో తానే చెప్పుకొనే అంచనా, తప్పే లేదనే అంకెకన్న గౌరవనీయం. ఆ హద్దులను చూసి పని మానుకోవడం కాదు, పని మొదలుపెట్టడం వివేకం.

ఈ వివేకానికి మన తెలుగువారి చేయూత ఉన్నది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు (1920–2023) జి. పి. పాటిల్‌తో కలిసి 1978లో వన్యమృగాల గణనను గురించి ఒక వ్యాసం వెలువరించారు. పెద్ద మంద త్వరగా కంటబడుతుంది, ఒంటరి జంతువు కంటబడదు. ఆ పక్షపాతాన్ని సవరించనిదే లెక్క సరికాదని అందులోని సారం. ఆయన విద్యార్థుల కుటుంబాలతోనూ ఇదే చూపారు. మగపిల్లల తరగతిలో ప్రతివాడినీ, నిన్ను కలుపుకొని మీ ఇంట అన్నదమ్ములెందరు, అక్కచెల్లెండ్రెందరు అని అడిగి కూడితే మగవారే ఎక్కువని వస్తుంది. అది లోకం తీరు కాదు. ఆడపిల్లలే ఉన్న ఇల్లు ఆ తరగతికి రానే రాదు, అంతే.

విద్యార్థి మిత్రులు ఈ ప్రయోగాన్ని తమ తరగతిలోనే చేసి చూడవచ్చును. కళాశాల కమిటీవారికి మా విన్నపం మరొకటి. పక్షులు గూళ్ళు కట్టే ఋతువులో విద్యార్థులను ఉప్పలపాడు చెరువుకు పంపండి. రెండు జట్లు, ఒకరికొకరు చెప్పుకోకుండా, అవే చెట్లపై గూళ్ళను పటం మీద గుర్తించాలి. మొదటి జట్టుకు నలభై, రెండవ జట్టుకు ముప్పదియారు, ఉభయులకూ ముప్పది కనబడితే, మొత్తం నలభైయెనిమిది అని అంచనా. ఉభయులూ కలిసి చూసినవి నలభైయారే. ఆ మిగిలిన రెండు గూళ్ళూ ఎవరి కంటా పడనివి. వాటిని గురించి ఆలోచించడం నేర్పేదే చదువు.

ఉర్దూలో హిసాబ్ అంటే లెక్క. హిసాబ్ దేనా అంటే లెక్క అప్పజెప్పడం, అనగా జవాబుదారీ వహించడం. తెలుగులోనూ లెక్క చెప్పడమంటే అదే అర్థం. ఇక మీదట ఎవరు ఏ అంకె చెప్పినా, అది పులులది గానీ, పత్తి దిగుబడిది గానీ, బడికి రాని పిల్లలది గానీ, మన విద్యార్థి రెండు ప్రశ్నలు వేయాలని మా కోరిక: ఎట్లా లెక్కించారు? లెక్కకు రానివెన్ని?