ఇంటి కుక్కర్ ఆటోక్లేవ్ అవుతుందా?

సూరత్: సలాబత్‌పురా జౌళి మార్కెట్లకు, మరమగ్గాలకు పేరొందిన సూరత్‌లో తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా స్థిరపడ్డాయి. రోజు కూలిపై బతికే ఇంట్లో రోగి ఉంటే, వాడిన వైద్య పరికరాన్నే కుక్కర్‌లో పెట్టి మళ్లీ వాడుకోవచ్చా అన్న ప్రశ్న సహజం. శాస్త్రం చెప్పే సమాధానం పరికరాన్ని బట్టి మారుతుంది.

నీరు మరిగే 100 డిగ్రీల వద్ద చాలా సూక్ష్మజీవులు నశిస్తాయి. ధనుర్వాతం కలిగించే బ్యాక్టీరియా బీజాలు మాత్రం తట్టుకోగలవు. 1879లో ఫ్రాన్స్‌కు చెందిన చార్లెస్ చాంబర్‌లాండ్ రూపొందించిన ఆటోక్లేవ్ ఒత్తిడితో ఆవిరిని 121 డిగ్రీలకు చేర్చి ఆ లోటు తీర్చింది. ప్రెషర్ కుక్కర్‌దీ అదే సూత్రం. అయితే లోపలి గాలి పూర్తిగా బయటకు పోవాలి, ఆ వేడి కనీసం 15 నిమిషాలు నిలవాలి. విజిళ్ల లెక్క దీనికి కొలమానం కాదు. పరికరానికి అంటిన రక్తం, చీము ముందే కడగకపోతే ఆవిరి లోపలికి చేరదు. తీశాక చేత్తో తాకితే శ్రమంతా వృథా.

కొవిడ్ కాలంలో, 2020లో, అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విద్యుత్ కుక్కర్‌లో 50 నిమిషాల పొడి వేడితో ఎన్95 మాస్కులను శుద్ధి చేయవచ్చని చూపారు. అది నీరు, ఒత్తిడి లేని పద్ధతి. మాస్కుల కొరత నాటి ప్రత్యామ్నాయం. దాన్ని సూదులకు, గొట్టాలకు వర్తింపజేయడం పొరపాటు.

పాలసీసాలకు మరిగే నీరు చాలు. నెబ్యులైజర్ భాగాలకు తయారీదారు సూచనే ప్రమాణం. పుండుకు వేసే గాజుగుడ్డను శుద్ధి చేసిన ప్యాకెట్‌లోనే కొనాలి. ప్యాకెట్‌పై 2 అంకెను కొట్టివేసిన గుర్తుంటే, అది ఒక్కసారి వాడి పారేయాల్సిన వస్తువు. సిరంజీ, సూది ఆ కోవలోవే. ఈ నియమం ఉల్లంఘిస్తే ఏమవుతుందో గుజరాత్‌కు తెలుసు. 2009లో మొడాసాలో ప్రబలిన హెపటైటిస్-బి పలువురిని బలిగొంది. వాడిన సిరంజీలను మళ్లీ వాడడమే కారణమని దర్యాప్తులు వేలెత్తి చూపాయి.

కనుక అసలు సమస్య కుక్కర్ సామర్థ్యం కాదు, ఖర్చు, సమాచారం. ఏది మరిగించాలో, ఏది పారేయాలో ఆసుపత్రి నుంచి పంపే వేళ రోగి కుటుంబానికి అర్థమయ్యే భాషలో చెప్పడం చికిత్సలో భాగమే. సూరత్‌లో ఆ భాషల్లో తెలుగు కూడా ఒకటి.