నీళ్లు మారాయి, వెన్నుపాము మాటేమిటి?

నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు మండలాలకు కృష్ణా నీళ్లు చేరాయి. దశాబ్దాల పోరాటం సాధించిన ఫలితమది. కానీ ఇంట్లో నల్లా వచ్చింది కాబట్టి ఫ్లోరైడ్ నీళ్లతో వచ్చే ఫ్లోరోసిస్ గొడవ తీరిపోయిందనుకుంటే చాలామందికి అన్యాయం చేసినవాళ్లమవుతాం. ఈ జబ్బంటే మనకు గార పళ్లూ, వంకర కాళ్లూ గుర్తొస్తాయి. నరాలను అది ఏం చేస్తుందన్నది మాత్రం డాక్టర్ల మధ్య మాటగానే ఉండిపోయింది.

ఒంట్లో నిలిచిపోయే ఫ్లోరైడ్‌లో దాదాపు 99 శాతం చేరేది ఎముకల్లో, పళ్లలోనే. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. అంతకు బాగా మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముక దళసరెక్కుతూనే పెళుసవుతుంది. వెన్నుపూసలను పట్టి ఉంచే స్నాయువులకు సున్నం పట్టి, అవీ ఎముకల్లా గట్టిపడతాయి. వెన్నుపూసల లోపలి నుంచి సాగే వెన్నుపాము చిటికెన వేలంత లావుంటుంది. కాళ్లూ చేతులే కాదు, మూత్రం మీద అదుపు కూడా దాని చలవే. దారి ఇరుకైతే, ముఖ్యంగా మెడ దగ్గర, దానికి తప్పుకునే చోటుండదు. మొదట తిమ్మిర్లు. ఆ తర్వాత నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా తెలియదు. కాళ్లు బిగుసుకుపోతాయి, మూత్రం ఆగదు, చివరికి మనిషి మంచాన పడతాడు.

ఇది నిన్న మొన్న బయటపడ్డ సంగతేమీ కాదు. 1937లోనే పరిశోధకుడు షార్ట్, ఆయన సహచరులు నెల్లూరు జిల్లా రోగుల్లో ఈ జబ్బును వర్ణించారు. 1955లో వైద్యుడు సిద్దిఖీ నల్లగొండ రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఫ్లోరోసిస్ వల్ల నరాలకు కలిగే నష్టంపై ఏళ్ల తరబడి పనిచేశారు.

మంచినీళ్లు వచ్చాక ఇంకా భయమెందుకని అడగొచ్చు. కొత్త తరానికి ఆ నీళ్లే రక్ష, నిజమే. కానీ ఎముకలో చేరిన ఫ్లోరైడ్ వదలడానికి ఏళ్లు పడుతుంది, గట్టిపడిన స్నాయువు తిరిగి మెత్తబడదు. ముసలితనంలో నడుము నొప్పి ఎవరికి రాదని మరికొందరంటారు. ఆ మాటే అసలు ప్రమాదం. వయసు నొప్పి అనుకుని మాత్రలు మింగుతూ కూర్చుంటే, వెన్నుపాము నలిగిపోతున్న సంగతి కాళ్లు పడిపోయాక గానీ తెలియదు. ఆపరేషన్‌తో ఒరిగేదేముందన్న అనుమానంలో కొంత న్యాయముంది. రాయిలా మారిన ఎముకను తొలిచి వెన్నుపాము మీద ఒత్తిడి తీయడం కష్టమైన పని. చాలాకాలంగా పడిపోయిన కాళ్లు తిరిగి లేవడం అరుదు. అయితే ఆలస్యం వద్దనడానికి అంతకన్నా కారణమేం కావాలి?

జాతీయ ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం 2008-09లో మొదలైంది. జబ్బును గుర్తించడానికి మోకాళ్లు వంచకుండా వేళ్లతో నేలను తాకడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, చేతులు తల వెనక్కి పెట్టడం, ఈ మూడూ చేయించి చూడటం తేలికే. కానీ ఇవి కీళ్ల బిగువునే చెబుతాయి. మోకాలి చిప్ప కింద చిన్న రబ్బరు సుత్తితో తట్టినప్పుడు కాలు మామూలు కంటే ఎక్కువగా ఎగిరిందంటే వెన్నుపామును అనుమానించాలి. ఆ సుత్తికి పెద్ద ఖర్చేమీ కాదు. పాత బోరు నీళ్లతో పెరిగిన ప్రతి ఊళ్లోనూ నలభై దాటినవారందరికీ ఏటా ఈ పరీక్ష చేయించాలి. తేడా కనిపించిన వారిని ఎమ్మారై ఉన్న ఆసుపత్రికి ప్రభుత్వమే తీసుకెళ్లాలి. మీ ఇంట్లో ఎవరికైనా నడకలో చెప్పులు జారిపోతుంటే, నడుము నొప్పి మాత్రలతో సరిపెట్టకండి, నరాల డాక్టరుకు చూపించండి.